కళాసీ సింహాచలం కళ్ళు

సింహాచలం అనే కళాసీ రెండుసార్లు చచ్చిపోయాడు. మొదటిసారి పోర్టులో సరుకు దింపుతూ కాలు జారి ఓడ అడుగున పడ్డాడు. అందులో నా ప్రమేయం ఏమీ లేదు, నమ్మండి. రెండోసారి మాత్రం అచ్చంగా నా చేతిలోనే చచ్చాడు. అదీ పట్టపగలు, మల్కాపురం రోడ్డు మీద, నల్లపొడితో, దూదితో. ఆ ఘోరం ఎలా జరిగిందో చెబుతాను. మీరు నవ్వుకోవచ్చు, నేనూ నవ్వుతూనే చెబుతాను. మధ్యలో ఎక్కడైనా ఆగితే పట్టించుకోకండి.

డెబ్బైల మొదట్లో మాట. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. మా అక్క మొగుడు రామునాయుడికి మల్కాపురం రోడ్డు మీద బోర్డులు రాసే కొట్టు ఉండేది. పేరుకి బోర్డుల కొట్టే గానీ, పోయినవాళ్ళ చిన్న ఫోటోలు చూసి పెద్ద బొమ్మలు గీసివ్వడం మా అసలు పని. బావ దగ్గర గళ్ళు చెక్కిన ఒక గాజుపలక ఉండేది. దాన్ని ఫోటో మీద పెట్టి, పెద్ద కాగితం మీద అన్నే గళ్ళు కొట్టి, ఏ గడిలో ఉన్నది ఆ గడిలో దింపేవాడు. తర్వాత నల్లపొడిని దూదితో అద్ది నీడలు తెచ్చేవాడు. ఆయనకి ముక్కు ముక్కులా కనపడేది కాదు, మూడో వరస నాలుగో గడిలా కనపడేది. అలా ఆ పేటలో సగం గోడలకి మనుషుల్ని ఎక్కించాడు.

ఆ పని నాకు మహా నామోషీగా ఉండేది. ఎందుకంటారా? అంతకు నెల ముందు టౌన్లో బొమ్మల ప్రదర్శన పెడితే వెళ్ళి, గెడ్డం పెంచిన ఒక పెద్దమనిషి ఉపన్యాసం విన్నాను. "ఉన్న బొమ్మని చూసి బొమ్మ గీసేవాడు కళాకారుడు కాదు, కార్బన్ కాగితం" అన్నాడాయన. మిగతా గంటసేపు ఆయన చెప్పింది నాకొక్క ముక్క అర్థం కాలేదు గానీ ఆ వాక్యం మాత్రం బుర్రలో దిగబడిపోయింది. మర్నాటి నుంచి నేనూ గెడ్డం పెంచడం మొదలుపెట్టాను. అది ఆరు చోట్ల మొలిచి ఆగిపోయింది.

"బావా, నువ్వు సేత్తన్నది కళ కాదు" అన్నాను ఒక రోజు.

"మరేటిరా?"

"కాపీ. ఉన్నదాన్ని దింపీడం ఎవడైనా సేత్తాడు. మనిషి లోపలున్నది గీయాల."

బావ దూది పక్కన పెట్టి నన్ను ఎగాదిగా చూశాడు. "ఒరే సూరీ, ఆళ్ళు మొకం గీయమన్నారు గానీ ఎక్స్‌రే తియ్యమన్నారేట్రా?"

కళ తెలియనివాడితో వాదన ఎందుకని ఊరుకున్నాను. చూశారా నా పెద్దమనసు!

సరిగ్గా ఆ వారంలోనే పైడమ్మ వచ్చింది. పోయిన సింహాచలం భార్య. చంకలో మూడేళ్ళ ఆడపిల్ల. కొంగుముడి విప్పి మొగుడి పోర్టు గేటు పాసు తీసి బల్ల మీద పెట్టింది. దాని మీద బొటనవేలి గోరంత ఫోటో. పాసు మీద కొట్టిన గుండ్రటి ముద్ర సరిగ్గా కళ్ళ మీద పడి, ఊదారంగు సిరా అలుక్కుపోయి ఉంది. నోరు, గెడ్డం, చెవులు, జుట్టు కనిపిస్తున్నాయి. కళ్ళున్న చోట ఊదారంగు మరక.

"ఇదొక్కటే ఉంది తమ్ముడూ" అంది. "మా పెళ్ళికి కూడా పొటో తీయించుకోనేదు. ఈ గుంటకి రేపు నాన్నంటే ఇదే. ఆయన ఎలగున్నాడో అలగే దింపండి. పెద్దకర్మకి కావాల."

బావ పాసుని వెలుతురులో పెట్టి తిప్పి తిప్పి చూశాడు. ఆ సాయంత్రమే ఆయన పలాసలో చుట్టాల పెళ్ళికి బయల్దేరుతున్నాడు. నన్ను పక్కకి పిలిచి, "ముద్దర కింద ఏటుందో మనకి తెల్దు. తెలీనిది గీయకూడదు. ఆ అమ్మని ఒక పూట కూకోబెట్టి, కళ్ళు ఎలగుంటాయో సెప్పించుకుని, సెప్పిందే గీయి" అని మరీ మరీ చెప్పి వెళ్ళాడు.

మర్నాడు పైడమ్మ తనంతట తనే వచ్చింది. స్టూలు మీద కూర్చుని, చీర కొంగు సర్దుకుని, "ఆయన కళ్ళు..." అని మొదలుపెట్టింది.

"నువ్వేటీ సెప్పక్కర్నేదప్పా. నాకొదిలీ" అన్నాను.

"అదికాదు తమ్ముడూ, అలగే రావాల గదా."

"అలగేటప్పా! అంతకన్నా బాగా సేత్తాను."

"అంతకన్నా వొద్దు. అలగే సాలు" అని, ఇంకాసేపు కూర్చుని, నేను అడగకపోయేసరికి లేచి వెళ్ళిపోయింది. ఆ మాటలన్న నోటితోనే నేను ఇప్పటికీ అన్నం తింటున్నాను.

నోరూ గెడ్డం చెవులూ మాత్రం గాజుపలక పెట్టి దింపాను. కళకి ఆ మాత్రం కూలిపని తప్పదని సర్దిచెప్పుకున్నాను. ఇక మిగిలింది కళ్ళు. సింహాచలం ఆత్మ వచ్చి నా చేతిలో దూరుతుందని కళ్ళు మూసుకుని కూర్చున్నాను. ఒక పూట గడిచింది. ఆత్మ రాలేదు, టీ వచ్చింది. మర్నాడూ అంతే. మూడో రోజు విసుగెత్తి లేచి, కొట్లో గోడకి వేలాడే బావ గెడ్డం గీసుకునే అద్దం ముందు నిలబడ్డాను. అసలు కళ్ళనేవి ఎలా ఉంటాయో ఒకసారి చూసుకుందామని, అంతే. అప్పుడు వచ్చింది చూడండి ఊపు! కాగితం దగ్గరికి, అద్దం దగ్గరికి, మళ్ళీ కాగితం దగ్గరికి. సాయంత్రానికి కళ్ళు తయారు. నిగనిగలాడుతూ, మనల్నే చూస్తున్నట్టు. అవి నా ఊహలోంచి పుట్టాయని నేను మనస్ఫూర్తిగా నమ్మాను. దారినపోయేవాళ్ళు ఆగి, "ఈయన్ని ఎక్కడో సూసినట్టుందే" అన్నారు. పోర్టులో చూసి ఉంటారు అనుకున్నాను.

ఫ్రేము కట్టించి, కర్మకి రెండు రోజుల ముందే వాళ్ళింటికి చేర్చాను. పైడమ్మ బొమ్మని చాలాసేపు చూసింది. ఏమీ అనలేదు. నోట మాట రానంత గొప్పగా ఉందన్నమాట అని ఈల వేసుకుంటూ తిరిగొచ్చాను.

పెద్దకర్మ నాడు వాళ్ళ వాకిట్లో షామియానా వేశారు. కుర్చీ మీద బొమ్మ, బొమ్మకి బంతిపూల దండ, ముందు దీపం. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఎవరైనా అడిగితే చెప్పడానికి వీలుగా, బొమ్మ పక్కనే నిలబడ్డాను. పలాస నుంచి తిన్నగా అక్కడికే వచ్చాడు బావ, చేతిలో సంచీతో. బొమ్మని చూశాడు. నన్ను చూశాడు. మళ్ళీ బొమ్మని చూశాడు.

"ఒరే సూరీ, నువ్వెప్పుడు సచ్చిపోనావురా?" అన్నాడు.

ముందు వరసలో కూర్చున్న కళాసీలు తలలెత్తారు. వాళ్ళూ బొమ్మని చూసి, నన్ను చూసి, మళ్ళీ బొమ్మని చూశారు. ఒకడు కిసుక్కుమన్నాడు. అంతే, ఇంకొకడు, మరొకడు. సాటి మనిషి కర్మలో నవ్వకూడదని కండువాలు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. కాపీ కొట్టనని భీష్మించుకున్నవాణ్ణి, చివరికి నా మొహాన్నే కాపీ కొట్టాను. దండ నాకే పడింది, దీపం నాకే పెట్టారు. నా కర్మ నేను కళ్ళారా చూశాను. అదృష్టవంతుణ్ణి.

నవ్వనివాళ్ళు ఇద్దరే. సింహాచలం తల్లికి చూపు ఆనదు. ఆమె పాక్కుంటూ వచ్చి బొమ్మ మీద చెయ్యేసి తడిమి, "నా కొడుకే. సన్నబడిపోనాడు" అంది. నవ్వులు ఒక్కసారిగా ఆగిపోయాయి.

రెండో మనిషి పైడమ్మ. నా దగ్గరికొచ్చి, ఎవరికీ వినపడకుండా, "తమ్ముడూ, ఆయన కళ్ళేవి?" అంది.

"మళ్ళీ గీత్తానప్పా. నీకు దండం పెడతాను, ఎలగుంటాయో సెప్పు. ఇప్పుడే గీత్తాను."

ఆమె కళ్ళు మూసుకుంది. పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. కాసేపటికి కళ్ళు తెరిచింది.

"ఆ రోజు అడిగుంటే సెప్పీదాన్ని. రెండు రోజుల్నించి ఈ బొమ్మే సూత్తన్నాను. ఇప్పుడు కళ్ళు మూసినా ఇయ్యే వత్తన్నాయి."

రెండోసారి చంపడమంటే ఇదేనండి. ఓడ ఆయన ఒంటినే తీసుకుంది. పెళ్ళాం మనసులో మిగిలినదాన్ని నేను తుడిచేశాను. బొమ్మ తిరిగిచ్చెయ్యమని బతిమాలాను. "ఉండనీ. మా అత్త దాన్ని పట్టుకుని ఒగ్గటం నేదు" అంది. బావ నన్ను తిట్టలేదు. కొట్టుకి వచ్చాక గోడ మీది అద్దం తీసి బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని ఏడ్చాను. గెడ్డం మర్నాడే గీయించేశాను, అది పెద్ద పనేమీ కాదు.

పదిహేడేళ్ళు గడిచాయి. బావ కొట్టు నాకు అప్పజెప్పి ఇంటిపట్టున ఉంటున్నాడు. ఒక పొద్దున ఇరవై ఏళ్ళ అమ్మాయి ఒకతె దినపత్రికలో చుట్టిన ఫ్రేము తెచ్చి బల్ల మీద పెట్టింది. విప్పగానే నేను పోల్చుకున్నాను. తేమకి అంచులు మరకలు కట్టాయి, కళ్ళు మాత్రం నిగనిగలాడుతున్నాయి.

"మావయ్యా, నాకు పెళ్ళి కుదిరింది. గాజువాక ఎల్లిపోతన్నాను. అమ్మకి ఇది ఉంచీసి, నాను ఇలాంటిదే ఒకటి పట్టుకెల్తాను" అని నా మొహంలోకి చూసి ఆగిపోయింది. చూస్తూనే ఉంది.

"అమ్మా, ఆ కళ్ళు..." అని మొదలుపెట్టాను.

"ఏటీ సెప్పక్కర్నేదు మావయ్యా. అమ్మ అంతా సెప్పింది." ఫ్రేము అంచు చేత్తో తుడిచి, "సిన్నప్పట్నించీ నాను ఏడిత్తే సూసినాయి ఈ కళ్ళే. నాకు నాన్నంటే ఈయనే. ఏటీ మార్సకండి. అలగే దింపండి" అంది.

బావ గాజుపలక తుడిచి బొమ్మ మీద పెట్టాను. మూడో వరస, నాలుగో గడి. మూడో వరస, అయిదో గడి. ఉన్నది ఉన్నట్టు, వెంట్రుకంత కూడా నాది కలపకుండా దింపాను. ఇంత కష్టపడి నేను ఇంకే బొమ్మా గీయలేదు. అది కళా, కార్బన్ కాగితమా అన్నది ఆ ఉపన్యాసం గెడ్డాయనే చెప్పాలి. నన్నడిగితే, ఆ రోజు ఆ రెండు గళ్ళూ మూడుసార్లు తుడిచి మళ్ళీ దింపాను, అంతవరకే తెలుసు.

కాబట్టి పాఠకులారా, రామునాయుడు బావ గాజుపలక మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను. ఇంటివాళ్ళు చెప్పేది చివరిదాకా వినకుండా ఈ జన్మలో పెన్సిలు పట్టను. ఎవరి మొహంలోనూ నా ఊహని దూర్చను. కొట్లో అద్దమనేది ఉంచను. అందుకే తడుముకుంటూ గెడ్డం గీసుకుంటాను, నా చెంపల మీది గాట్లన్నీ అవే. గాజువాకలో ఒక ఇంట్లో ఏటేటా సింహాచలం పోయిన రోజున బతికున్న నా కళ్ళ ముందు దీపం పెడుతున్నారు. సింహాచలం కళ్ళు ఎలా ఉండేవో మాత్రం ఇవాళ ఎవ్వరికీ తెలియదు.