ఖాళీ ఫైల్లో నిలబడినవాడు

1981 వేసవి. విశాఖపట్నం వన్‌టౌన్‌లో, హార్బరు వైపు దిగే వీధిలో మేడమీద నా ఆఫీసు. ఓడ కూత వేస్తే క్లయింటు మాట వినబడేది కాదు. ఉద్యోగుల సర్వీసు కేసులు చూసే లాయరుని కాబట్టి నా దగ్గరకు వచ్చేవాళ్లంతా డిపార్టుమెంటు మీద అలిగినవాళ్లే. పోలీసులు మాత్రం అలిగినా కూర్చోరు. సింహాచలం కూడా చేతులు ప్యాంటు కుట్టుకి ఆనించి నిలబడే మాట్లాడాడు.

అతను పోర్టు ఏరియాలో కానిస్టేబుల్. హెడ్ కానిస్టేబుల్ కావాలంటే ముందు ప్రమోషన్ ట్రైనింగుకి సెలెక్టు కావాలి. అందుకు రాతపరీక్ష, ఒక స్క్వాడ్‌కి తనే ఆర్డర్లిచ్చి నడిపించే డ్రిల్లు పరీక్ష ఉంటాయి. రాతపరీక్ష బాగానే గట్టెక్కాడు. డ్రిల్లులో మాత్రం బోర్డువారు ‘మానసికంగా అన్‌ఫిట్’ అని రాసి పక్కన పెట్టేశారు. వచ్చే ఏటికి వయసు దాటిపోతుంది. ఇక రిటైరయ్యేదాకా కానిస్టేబులే.

“గ్రౌండులో ఏం చేశావయ్యా?” అన్నాను.

“స్క్వాడ్‌ని సరిసేసినాను సార్. ఒకడు వంకరగా నిల్సున్నాడు. అరడుగు ఎనక్కి జరగమన్నాను.”

“ఆ మాత్రానికే పిచ్చంటారా?”

“ఆడు నిల్సున్నది కాళీ ఫైల్లో సార్.”

పెరేడ్‌లో మూడు వరసలుగా నిలబడతారు. ఒక మనిషి తక్కువైతే నడివరసలో ఎడమనుంచి రెండో చోటు వదిలేస్తారు. దాన్నే ఖాళీ ఫైల్ అంటారు. పరీక్ష పెట్టే ఇన్‌స్పెక్టరు ముందు ఇతను ఆ ఖాళీ చోటుకి ఆర్డరిచ్చాడు.

“ఎవరయ్యా వాడు?”

“అప్పలరాజు సార్,” అన్నాడు, పక్కింటివాడి పేరు చెప్పినట్టు.

అప్పలరాజు అతనితో కలిసి బీటు తిరిగిన కానిస్టేబుల్. అంతకు కొన్ని నెలల ముందు జెట్టీ డ్యూటీలో కాలుజారి నీళ్లలో పడి చనిపోయాడు. సీనియారిటీలో సింహాచలం కన్నా ఒక మెట్టు పైన ఉండేవాడు. అతను పోబట్టే ఆ ఏడు పరీక్షకి పిలుపు సింహాచలం దాకా వచ్చింది.

నేను దెయ్యాలను నమ్మను. ప్రభుత్వ ప్లీడర్లనే నమ్మనివాణ్ని, దెయ్యాలను ఎక్కడ నమ్ముతాను? కేసు నాకు చట్టంలో కనబడింది. మనిషి మతి మీద అనుమానముంటే మెడికల్ బోర్డుకి పంపాలి, అతని సంజాయిషీ వినాలి. గ్రౌండులో నిలబడి ఒక్క మాటతో కొట్టిపారేస్తే చెల్లదు. “నువ్వేం చూశావన్నది కాదు, వాళ్లు ఏం చెయ్యలేదన్నదే మన కేసు,” అని చెప్పి పంపాను.

మిగతా కమాండ్లన్నీ సరిగా ఇచ్చాడని స్క్వాడ్‌లో ఒకరు అఫిడవిట్, అంటే ప్రమాణపత్రం ఇస్తే బాగుంటుందనిపించింది. నడివరసలో ఎడమ చివర నిలబడ్డ ఖాదర్ అనే కానిస్టేబుల్ ముందుకొచ్చాడు. సంతకం పెట్టాడు గాని వెళ్లలేదు.

“ఇంకేమైనా చెప్పాలా?”

“రైట్ డ్రెస్ అంటే కుడిసెయ్యి సాపి పక్కోడి బుజానికి ఆనించాల సార్. నా పక్కన కాళీ. సెయ్యి గాల్లో ఉండాల.”

“అవును. అయితే?”

“ఆనింది సార్. సొక్కా తడిగా ఉంది. సింహాచలం జరగమన్నాక ఆ బుజం ఎనక్కి జరిగింది.”

బయట మిట్టమధ్యాహ్నపు ఎండ. అయినా లేచి ఫ్యాను కట్టేశాను. ఆ మాట అఫిడవిట్‌లో చేర్చలేదు. చేరిస్తే ఇద్దరూ అన్‌ఫిట్ అయ్యేవారు.

హైదరాబాదులో ట్రిబ్యునల్ మా వాదన ఒప్పుకుంది. డాక్టర్లు పరీక్షించి ఏ జబ్బూ లేదన్నారు. డ్రిల్లు పరీక్ష మళ్లీ పెట్టారు. ఉండబట్టలేక నేనూ వెళ్లి గ్రౌండు చివర నిలబడ్డాను. ఆ రోజూ స్క్వాడ్‌లో ఒక మనిషి తక్కువే. సింహాచలం రైట్ డ్రెస్ అన్నాడు. వరస పొడుగునా ఒక్కొక్కరినీ చూస్తూ వచ్చి, ఖాళీ చోటు దాటి చివరి మనిషి మీదికి చూపు తిప్పేశాడు. గొంతు ఎక్కడా తొణకలేదు. ఇన్‌స్పెక్టరు తలూపాడు. నేను పొంగిపోయాను.

ట్రైనింగుకి బయల్దేరే ముందు చెప్పిపోదామని ఆఫీసుకు వచ్చాడు. మొహంలో సంతోషం లేదు.

“ఇక కనబడలేదు కదా?” అన్నాను.

“ఒచ్చినాడు సార్. అదే సోటు. ఈసారి తిన్నగా నిల్సున్నాడు. నానేటంటానో అని నాకేసే సూత్తన్నాడు.”

“మరి నువ్వు?”

“ఎవులూ లేనట్టు దాటేసినాను.” మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చాడు. “ఆడి సీటుకి నానెల్తన్నాను సార్. ఆడున్నాడని కూడా అనలేకపోనాను.”

కాసేపటికి కళ్లు తుడుచుకుని, దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు.

ఆ కేసు తరువాత నాకొక అలవాటు పడింది. ప్రమోషన్ కేసు ఏది వచ్చినా, నీకు పైన ఉన్నవాడెవరు, ఇప్పుడెక్కడున్నాడు అని ముందే అడుగుతాను. రిటైరయ్యాడనో, బదిలీ మీద వెళ్లాడనో చెబితే ఊపిరి పీల్చుకుని కేసు తీసుకుంటాను. చనిపోయాడంటే మాత్రం, ఇప్పటికీ, క్లయింటు పక్కనున్న ఖాళీ కుర్చీకేసి ఒకసారి చూస్తాను.