అప్పలనాయుడు రెండుసార్లు అడిగిన మాట

2001లో నర్సీపట్నంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా చేరాను. అప్పటికి నాకు పదకొండేళ్ల సర్వీసు. తలకు దెబ్బ తగిలి విశాఖపట్నంలో ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు కుట్లు విప్పాక మా దగ్గరికి వచ్చేవారు. పట్టు తప్పిన కాలూ చెయ్యీ కదిలించడం, నిలబెట్టి నడిపించడం నా పని. మందుల సంగతి డాక్టరుగారు చూసేవారు.

ఆ వర్షాకాలంలో గొలుగొండ వైపు నుంచి అప్పలనాయుడనే చెరకు రైతు వచ్చాడు. ముప్పై నాలుగేళ్లు. మోటారు సైకిలు మీంచి పడితే తలకు ఆపరేషన్ అయింది. కుడికాలు ఈడ్చేవాడు. ఫిట్సు రాకుండా రెండు పూటలా మాత్రలు వేసుకోవాలి. భార్య రమణమ్మ వారానికి రెండుసార్లు బస్సులో తీసుకొచ్చి, తను వరండాలో కూర్చునేది.

మూడో వారంలో, పట్టుకుని నడవడానికి అమర్చిన రెండు ఇనుప రాడ్ల మధ్య అడుగులు వేయిస్తుంటే మెల్లగా అడిగాడు.

"అన్నీ మునుపట్లాగే అవుతాయా బాబూ?"

"అవుతాయి. ముందు మడమ ఆనించండి," అన్నాను.

"అన్నీ అంటే... ఇంటికాడ కూడాను."

నాకు అర్థమైంది. చెవులు వేడెక్కాయి. ముందు కాలు సంగతి చూద్దాం అన్నాను. పది రోజుల తర్వాత మళ్లీ అదే కదిపితే, డాక్టరుగారిని అడగమన్నాను. ఓపీలో అంతమంది ముందు అతను నోరు విప్పడని నాకు తెలుసు. ఆ తర్వాత అతను అడగలేదు. నా మొహం చూడడం కూడా మానేశాడు. అతను వచ్చే రోజు పొద్దుటి నుంచే నాకు గాభరాగా ఉండేది. మళ్లీ అడుగుతాడేమోనన్న భయం ఒకటి, ఎందుకు అడగడం లేదన్న భయం ఒకటి.

ఒక ఉదయం ఆ రాడ్ల మధ్యే బిగుసుకుపోయి పడ్డాడు. ఫిట్సు. పక్కకు తిప్పి, తల కింద తువ్వాలు పెట్టి గడియారం చూశాను. రెండు నిమిషాలు. ఆపరేషన్ అయిన వైపే నేలకు తగిలిందేమోనని, స్కాన్ రిపోర్టు వచ్చేదాకా నాకు అన్నం సహించలేదు. అదృష్టవశాత్తూ లోపల కొత్త దెబ్బేమీ లేదు.

"మాత్రలు నా సేత్తోనే ఇస్తన్నానండి, ఒక్క పూటా తప్పనేదు," అంది రమణమ్మ.

మర్నాడు వార్డులో అతని గది తలుపు వేసి పక్కన కూర్చున్నాను.

"మాత్రలు మింగుతున్నారా నాయుడు గారూ?"

"నేదు బాబూ. అది అటెళ్లగానే ఊసేస్తన్నాను. అయ్యి ఏసుకున్న కాడ్నుంచి నాను మొగోణ్ణే కాదు. అదీ దూరంగా పడుకుంటంది. మీకు సెప్పబోతే మీరు కాలు గురించి సెప్పినారు."

క్షమించమన్నాను.

హెడ్ నర్సు కాంతమ్మ గారు రమణమ్మను డ్రెస్సింగ్ రూములోకి తీసుకెళ్లి విడిగా మాట్లాడారు. "నాను దగ్గరికెళ్తే తలలో నరం తెగిపోద్దేమోనని బయమమ్మా. ఎవుర్ని అడగాల?" అందట. ఆమె భయాన్ని అతను అసహ్యం అనుకున్నాడు.

తలకు తగిలిన దెబ్బ వల్లా, ఫిట్సు మాత్రల వల్లా కూడా కోరిక తగ్గవచ్చని డాక్టరుగారు ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పారు. ఇతని గాయం మానింది కాబట్టి దగ్గరవడం వల్ల ప్రమాదం లేదన్నారు. మాత్ర హఠాత్తుగా ఆపితే ప్రాణం మీదికి వస్తుందని హెచ్చరించి, కొన్ని వారాల మీద మెల్లగా మందు మార్చారు.

అన్నీ మునుపట్లా కాలేదు. కర్రతో నడిచాడు, పొలానికి వెళ్లాడు. మళ్లీ ఫిట్సు రాలేదు. ఇప్పుడు ఒకే గదిలో పడుకుంటున్నామని రమణమ్మ కాంతమ్మ గారితో చెప్పింది. అంతకు మించి మేము అడగలేదు.

ఈ విషయానికి మా చదువులో ఇంగ్లీషు మాటలే ఉండేవి. ఊళ్లో మాటలు పలకడానికి నోరు వచ్చేది కాదు. చివరికి 'కాపురం' అన్న మాట పట్టుకున్నాను. తలకు దెబ్బ తగిలి వచ్చిన ప్రతి ఒక్కరినీ, రెండో వారంలో తలుపు వేసి, "కాపురం సంగతి ఏమైనా అడగాలనుందా?" అని అడిగేవాణ్ణి. చాలామంది తల అడ్డంగా ఊపేవారు. కొందరు పై వారం వచ్చి అడిగేవారు. నాకు తెలియనిది నేనే డాక్టరుగారిని కనుక్కుని చెప్పేవాణ్ణి.

పేషెంటు అడిగేదాకా ఆగడం మర్యాద అనుకునేవాణ్ణి. అది నా బిడియం. దాని ఫలితం అనుభవించింది అప్పలనాయుడు.