నాయనమ్మ మంచంలో ఇడ్లీ పిండి

సోమవారం, మధ్యాహ్నం మూడు గంటలు. మా ఆయనను ఇప్పుడే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టాను. మళ్ళీ ఐదింటికి తిప్పాలి. ఈ రెండు గంటల్లో ఇది రాస్తున్నాను... సాయంత్రంలోగా ఒకరికి జవాబు ఇవ్వాలి కాబట్టి.

నా కోడలు శాంతి నాలుగు నెలలుగా ఇంట్లోనే ఇడ్లీ పిండి రుబ్బి ప్యాకెట్లు అమ్ముతోంది. కొనేవాళ్ళలో ఒకావిడ ఈ ఉదయం ఫోన్‌లో మెసేజ్ పెట్టి అడిగింది, మీ ఇంట్లో పక్షవాతం వచ్చిన మనిషి ఉన్నారట, నిజమేనా అని. శాంతి "అలాంటిదేమీ లేదండీ" అని రాసి, పంపకుండా ముందు నాకు చూపించింది.

మా చిన్నప్పుడు ఇలాంటి అబద్ధమే మా అమ్మ నోట విన్నాను...

కలకత్తా రేవు పక్కన గార్డెన్ రీచ్‌లో మాది ఒకటే గది. నాన్న రేవులో సరుకు దింపేవాడు. చుట్టూ అందరూ శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్ళే. నాయనమ్మకు ఎడమ కాలూ చెయ్యీ పడిపోయాక అమ్మ జనపనార మిల్లు పని మానేసింది. మంచం కనిపించేంత దూరంలోనే ఉండాలి, ఇల్లూ గడవాలి. అందుకని ఇడ్లీలు మొదలుపెట్టింది. రుబ్బురోలు గడప పక్కనే వేయించుకుంది.

తెల్లవారుజామున డ్యూటీకి పోయేవాళ్ళు గిన్నెలు పట్టుకుని వచ్చేవారు. ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చిలో అందరికీ మా ఇడ్లీలే. వారం మొత్తం మీద అదే పెద్ద బేరం.

చలికాలం వచ్చింది... కలకత్తా చలికి పిండి పొంగలేదు. మా గదిలో వెచ్చగా ఉండే చోటు ఒక్కటే, నాయనమ్మ బొంత కింద. అమ్మ పిండి తపేలాకు మూత పెట్టి, ఉతికిన గుడ్డతో రెండు చుట్లు చుట్టి, ఆమె కాళ్ళ దగ్గర పెట్టేది. తెల్లారేసరికి మూత పైకి లేచి ఉండేది.

నాయనమ్మకు అది కాపలా ఉద్యోగం అయిపోయింది. బాగున్న కాలితో తపేలాను తాకి చూసి, ఎంత పొంగిందో చెప్పేది.

"మంచాన పడ్డాక నాకు ఉజ్జోగం వొచ్చీసింది సూడే" అనేది అమ్మతో.

"జీతం ఏటి కావాలత్తా?"

"రెండిడ్లీలు. మెత్తగుండాల. గట్టిగుంటే నీ మొకాన కొడతాను."

ఒక వారం చర్చిలో పిల్లలకు జరిగే ఆదివారపు బడిలో, పాఠం చెప్పే రూతమ్మ గారు అందరినీ అడిగారు, మీ ఇంట్లో ఎవరు ఏం పని చేస్తారు అని. చర్చి ఇడ్లీల బేరం మాకు ఇచ్చిందీ ఆవిడే. నాకు తొమ్మిదేళ్ళు. లేచి నిలబడి గొప్పగా చెప్పాను... మా నాయనమ్మ కదలలేకపోయినా పని చేస్తుంది, పిండి ఆమె మంచంలోనే పొంగుతుంది అని.

ఆ సాయంత్రమే రూతమ్మ గారు మా గడప దగ్గరకు వచ్చారు.

"మరియా, పిండి రోగం మనిసి మంచంలో ఎడతన్నావేటి? నీ కూతురే సెప్పింది."

అమ్మ నా వైపు చూడలేదు. "సిన్న గుంటమ్మా, దానికేటి తెలుసు. పొయ్యికాడే ఎడతన్నాను" అంది.

నాయనమ్మ మంచం అక్కడికి మూడు అడుగుల దూరం.

ఆ రాత్రి నుంచి తపేలా పొయ్యి పక్కనే ఉంది. పిండి రుబ్బలేదా అని నాయనమ్మ అడిగింది. రుబ్బాను, పొయ్యి దగ్గర పెట్టాను అంది అమ్మ. మంచిదే అని నాయనమ్మ గోడ వైపు తల తిప్పుకుంది. కానీ బాగున్న కాలు ఒక పక్కకు జరిపి, తపేలా పట్టేంత చోటు అలాగే ఉంచుకునేది. చాలా రోజులు చూశాను...

పొయ్యి చల్లారాక పిండి పొంగేది కాదు. ఇడ్లీలు రాళ్ళలా వచ్చేవి. చర్చి బేరం మూడు వారాల్లో పోయింది, గిన్నెలు పట్టుకొచ్చేవాళ్ళు మరో నెలలో తగ్గిపోయారు. అబద్ధం చెప్పినా వ్యాపారం నిలవలేదు. తరువాతి చలికాలానికి నాయనమ్మ లేదు. అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. అనే ఓపిక ఉన్నట్టు కూడా నాకు తోచలేదు.

ముప్పై ఒక్క ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పాను. అబద్ధం ఆడిన పిల్లలను బెంచీ మీద నిలబెట్టాను. అమ్మ ఆడిన ఆ ఒక్క అబద్ధం తప్పో ఒప్పో ఇప్పటికీ తేల్చలేకపోయాను.

ఇప్పుడు మా ఇంట్లో గ్రైండరు ఉంది, ఫ్రిజ్ ఉంది. పిండి ఎవరి మంచంలోనూ పెట్టనక్కరలేదు. కానీ కుడి పక్క పడిపోయిన మా ఆయన తన ఎడమ చేత్తో ప్యాకెట్ల మీద తేదీ చీటీలు అంటిస్తారు. నిన్న నలభై రెండు. వంకరగా పడితే పీకి మళ్ళీ అంటిస్తారు. ఆయనకు మాట స్పష్టంగా రాదు. రోజు మొత్తంలో ఆయనంతట ఆయన చేసే పని అదొక్కటే.

మా అబ్బాయి ఓడ మీద ఉన్నాడు. శాంతి నాలుగింటికి లేస్తుంది, నేనూ లేస్తాను. ఇద్దరమూ అలసిపోయాము. నిజం చెబితే సగం మంది పోతారు అత్తయ్యా, పోనీ మామయ్య చేత ఆ పని మాన్పిద్దామా అంది మెల్లగా.

"పోయేవాళ్ళు పోతారు. ఆయన పని మాత్రం తియ్యకు" అన్నాను.

రోగి ఉన్న ఇంట్లో ఏ పని మొదలుపెట్టినా ఈ ప్రశ్న వస్తుందేమో... మీ ఇళ్ళలో మంచాన ఉండి కూడా పని చేసినవాళ్ళు ఉంటే, వాళ్ళ పనేమిటో ఇక్కడ రాయండి. ఓపిక చిక్కినప్పుడు అన్నీ చదువుతాను.

ఇక జరగవలసినవి:

1. ఐదింటికి ఆయనను కుడి పక్కకు తిప్పాలి.

2. శాంతి ఆ జవాబు చెరిపి ఇది పంపాలి: "ఉన్నారు. మా మామయ్య. పిండి వంటగదిలో రుబ్బుతాం, మూసిన ప్యాకెట్ల మీద చీటీలు ఆయన అంటిస్తారు. వచ్చి చూడండి."

3. రేపటికి మినప్పప్పు సగమే నానబెట్టాలి.

4. చీటీలు ఎందుకు తగ్గాయని ఆయన కళ్ళతో అడుగుతారు. శాంతి కాదు, నేనే చెప్పాలి. ఉన్నది ఉన్నట్టు.