ఎడమ అంచు తెలిసిన మనిషి

ఆడవాళ్లకు బస్సు ఉచితమైన రెండో ఏడు, ఖానాపూర్‌లో వినోద కారు కొన్నది. అదీ పెద్ద కారు. ఆర్టీసీలో కండక్టరుగా ఇరవై ఏడేళ్లు చేసి రిటైరయిన మనిషి. చివరి రోజుల్లో ఆడవాళ్లకు డబ్బుల్లేని జీరో టికెట్లు కొట్టి కొట్టి బొటనవేలు నొప్పి పుట్టిన మనిషి. ఊరికి నవ్వడానికి అంతకన్నా ఏం కావాలి?

భర్త నిరంజన్ దర్జీ. ఆయన కూడా నవ్వాడు, కాకపోతే ఇంట్లో.

"బస్సుల ఫిరీగ పోయేదానికి గింత పెద్ద కారెందుకే?"

"బస్సుకు మూడు మెట్లున్నయి," అంది వినోద. "అక్క మోకాళ్లకు ఒక్కటి సుత ఎక్కరాదు."

అక్క ఐలవ్వ ఇచ్చోడలో ఉంటుంది. వినోదకన్నా పన్నెండేళ్లు పెద్దది. తల్లి పోయాక పత్తి ఏరే కూలికి పోయి చెల్లెను పదో తరగతి దాకా చదివించింది. ఇప్పుడామె రెండు కళ్లకూ పొర వచ్చింది. నిర్మల్ డాక్టరు రెండుసార్లు ఆపరేషన్‌కు తారీకు ఇచ్చాడు. ఒకసారి బస్సు దాకా వెళ్లి, మెట్లెక్కలేక తిరిగి వచ్చింది. ఇంకోసారి ఆటోలో సగం దూరం పోయి, ఇక నా వల్ల కాదని దిగింది. పొర బాగా ముదిరిందని, మూడో తారీకు కూడా తప్పితే చూపు మీద ఆశ వదులుకోవాలని డాక్టరు చెప్పాడు.

అందుకే షోరూంలో వినోద ఇంజను సంగతి అడగలేదు. పైకప్పు తెరుచుకుంటుందని చెబుతుంటే వినలేదు. తలుపు తీసి కూర్చుంది, దిగింది. ఇంకో కారులో కూర్చుంది, దిగింది. చిన్న కార్లలో కిందికి కూలబడాలి. ఒక దానిలో సీటు సరిగ్గా నడుము ఎత్తున ఉంది. మోకాలు పెద్దగా వంచకుండానే ఒరిగి కూర్చోవచ్చు. దానికి తల ఊపింది.

డ్రైవింగ్ నేర్పింది రాంచందర్, డిపోలో ఆమెతో పనిచేసిన డ్రైవరు. మొదటి నెలంతా ఒకటే ఇబ్బంది. బస్టాపు కనబడితే చాలు, ఆమె కాలు బ్రేకు మీదికి పోయేది. చెయ్యెత్తిన మనిషిని దాటి పోవడం ఆమెకు చేతకాలేదు.

"ఇగ టికెట్లు సుత కొట్టు వినోదక్కా," అనేవాడు రాంచందర్.

కానీ ఒకటి గమనించాడు. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎడమ పక్కే గీసుకుంటారు. కూర్చున్న చోటికి అది దూరం కదా. వినోద కారుకు కుడి పక్కన రెండు గీతలు పడ్డాయి, ఎడమ పక్కన ఒక్కటీ లేదు. డ్రైవరు రోడ్డును చూస్తాడు. ఆమె ఇన్నేళ్లూ తలుపు దగ్గర నిలబడి ఎడమ అంచును చూసింది. కాలువ, రాయి, మేక, మనిషి.

కారు వెనక్కి తీసేటప్పుడు వెనక ఉన్నదంతా తెర మీద కనబడుతుంది. అయినా ఆమె దిగి, వెనక్కి నడిచి, చూసి వచ్చి, అప్పుడు తీస్తుంది. ఎలుకలు తీగలు కొరకకుండా రాత్రిపూట ఇంజను దగ్గర పొగాకు పెడుతుంది. నిరంజన్ సీట్లకు గుడ్డ కవర్లు కుట్టాడు. ఎవరూ అడగలేదు.

మూడో తారీకు వచ్చింది. పదింటికి నిర్మల్‌లో ఉండాలి. తెల్లవారేసరికి వినోద ఇచ్చోడలో ఉంది. ఐలవ్వ గడప దగ్గరే ఆగింది.

"డ్రైవరేడి?"

"నేనే."

"నువ్వు టికెట్లిచ్చినదానివి. తోలుడు నీకెట్లస్తది?"

"రాకపోతే గీడిదాక ఎట్లచ్చిన అక్కా?"

"అప్పుడు నువ్వొక్కదానివే ఉంటివి. ఇప్పుడు నేనుంట."

వినోద వెనక తలుపు తీసి పట్టుకుని నిలబడింది. పిలవలేదు, బతిమాలలేదు. కాసేపటికి ఐలవ్వ వచ్చి సీటును చేత్తో తడిమింది. నడుము ఆనించింది. ఒరిగి కూర్చుంది. మోకాళ్లు ఏమీ అనలేదు. వాటి కోసం ఎదురు చూస్తున్నట్టు కొంచెంసేపు కదలకుండా ఉంది.

"మెల్లగ పోనియ్యి," అంది.

నిర్మల్ దారిలో కొండ మీది ఘాటు రోడ్డు సగం దిగాక బండ్లు ఆగి ఉన్నాయి. కింది నుంచి ఎక్కుతున్న లారీ ఒకటి ఇరుసు విరిగి మలుపులో అడ్డం తిరిగింది. ఎడమన, లోయ వైపు, కొంచెం దారి మిగిలింది. మోటారు సైకిళ్లు పోతున్నాయి. ముందున్న రెండు కార్లు వెనక్కి మళ్లాయి. క్రేను మధ్యాహ్నానికి గాని రాదట.

లారీ డ్రైవరు కిటికీ దగ్గరికి వచ్చాడు. "అమ్మా, చాబీ ఇయ్యి. నేను దాటిస్త."

"నీది దాటిచ్చుకోరాకపాయె, నాది దాటిస్తవా తమ్మీ?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అతనూ నవ్వాడు.

వినోద దిగింది. అంచు వెంట నడిచింది. మడమతో మట్టిని నొక్కింది, రెండు చోట్ల గట్టిగా తొక్కింది. చీర కుచ్చిళ్లు కొంచెం ఎత్తి, సందును అడుగులతో కొలిచింది. వచ్చి కూర్చుని కుడివైపు అద్దం మడిచింది.

"ఏమైంది?" అంది ఐలవ్వ.

"లారీ అడ్డమున్నది. పక్కకెల్లి పోతన్నం."

"లోయ ఎంత దూరమున్నది?"

"జానెడు."

"జర ఎక్కువ చెప్పకపోతివి."

"ఉన్నదే చెప్పిన అక్కా."

ఐలవ్వ ముందు సీటును రెండు చేతులా పట్టుకుంది. వినోద లారీ వైపు చూడలేదు. ఎడమకే చూసింది. కారు నిండు చూలాలు నడిచినట్టు నడిచింది. కుడి పక్కన సన్నగా ఏదో గీసుకున్న చప్పుడైంది. ఆమె ఆగలేదు. సందు అయిపోయాక రోడ్డు మళ్లీ వెడల్పయింది.

పదికి ఇంకా పావుగంట ఉండగా ఆస్పత్రి చేరారు. ఆ పూటే ఒక కంటికి ఆపరేషన్ అయింది.

నాలుగో రోజు తిరుగు ప్రయాణం. ఐలవ్వ నల్లద్దాలు పెట్టుకుంది. ఘాటులో లారీ ఆగిన మలుపు ఇదేనని వినోద చెబితే, దాటగానే ఆపమంది. వినోద వెడల్పున్న చోట ఆపింది. ఐలవ్వ తనంతట తానే దిగి, చెల్లె చెయ్యి పట్టుకుని రోడ్డు దాటి, అంచుకు నాలుగడుగుల ఇవతల నిలబడింది. కింద, చాలా కింద, టేకు చెట్ల తలలు.

"మనం పోయింది గీడికెల్లేనా?"

"గీడికెల్లే."

"ఆనాడు కండ్లుంటే కారు ఎక్కకపోదును నేను."

ఇప్పుడు అక్కకు ఒక కన్ను ఉంది. ఇచ్చోడకు ఇంకా దూరం ఉంది. రోడ్డు మీద బస్సులు పోతున్నాయి, ఆటోలు పోతున్నాయి. అక్క ఏ వైపు కదులుతుందో వినోదకు తెలియదు.

ఐలవ్వ చాలాసేపు లోయనే చూసింది. తర్వాత చెల్లె ముఖం చూసింది. ఎన్నో ఏళ్ల తర్వాత సరిగ్గా చూడడం.

"రెండో కంటికి తారీకు ఎన్నడన్నడు?"

"వచ్చే నెల పదిహేను."

"పొద్దుగాలనే రా," అని ఐలవ్వ కారు వైపు నడిచింది.