యంత్రం వచ్చింది, గది రాలేదు

బొంబాయి రేవు నుంచి లారీ మీద వచ్చిన ఆ చెక్కపెట్టె మా వృక్షశాస్త్ర విభాగం తలుపులో పట్టలేదు. హమాలీలు అటు తిప్పి, ఇటు తిప్పి, చివరికి వరండాలోనే దించేశారు. అది నాకంటే ఎత్తుగా ఉంది. దాని మీద గొడుగు బొమ్మ, గాజు గ్లాసు బొమ్మ, మాకెవరికీ చదవరాని భాషలో ఎర్రటి అక్షరాలు ఉన్నాయి. అరవైల చివరి రోజులవి. నేను ఎమ్మెస్సీ ముగించి అదే విభాగంలో పరిశోధన విద్యార్థినిగా అప్పుడే చేరాను.

"లోపల ఏముంది మేడమ్?" అని అడిగాను.

మా ప్రొఫెసర్ గారు పెట్టె మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డారు. "ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు బిడ్డా. మన దగ్గర ఇప్పుడున్నది ఊరు ఎక్కడున్నదో చూపిస్తది. ఇది ఆ ఊర్ల, ఒక ఇంట్ల, పొయ్యి మీద ఏం ఉడుకుతున్నదో చూపిస్తది."

ఆమె హైదరాబాదు మనిషే. స్కాలర్‌షిప్పు మీద విదేశంలో చదువుకుని, అక్కడ ఉద్యోగమిస్తామన్నా కాదని తిరిగొచ్చారు. నేత చీర, మోచేతుల దాకా జాకెట్టు, కాళ్ళకు మగవాళ్ళ తరహా తోలు చెప్పులు. ఆ యంత్రం కోసం ఢిల్లీకి అర్జీలు రాసీ రాసీ ఆమె జుట్టు నెరిసిందని విభాగంలో చెప్పుకునేవాళ్ళు.

పెట్టె వచ్చింది కాబట్టి రేపో మాపో తెరుస్తారనుకున్నాను. వారం గడిచింది, నెల గడిచింది. ఎవరూ మేకు కూడా పీకలేదు. విద్యార్థులు దానికి ఆనుకుని టిఫిన్ డబ్బాలు విప్పుకోవడం మొదలుపెట్టారు.

ఎందుకు తెరవట్లేదో నాకు మా నాన్న చెప్పాడు. అనంతపురం నుంచి సచివాలయం ఉద్యోగం మీద వచ్చిన కుటుంబం మాది. తార్నాకలో రెండు గదుల ఇంట్లో అద్దెకుండేవాళ్ళం. నాన్న సాయంత్రం బస్సు దిగి వచ్చి, కాళ్ళు కడుక్కుని, పీట మీద కూర్చున్నాక అడిగాను.

"దాంట్లో వింతేముందమ్మా," అన్నాడు. "యంత్రం ఇచ్చింది ఢిల్లీ వాళ్ళు. వాళ్ళ నియమం ఒకటి ఉండాది. మేం సగం ఇస్తాం, మీ రాష్ట్రం మిగతా సగం ఇయ్యాల అంటారు. ఆ మిగతా సగమే గది. చల్లగా ఉండే గది, దుమ్ము రాని గది. అది మనోళ్ళు కట్టియ్యాల. కట్టేదానికి దుడ్లు ఏడుండాయి? రెండేండ్లుగా వానల్లేవు. ఉన్నదంతా కరువు పనులకు పోతాండాది."

"మరి గది లేకపోతే?"

"రాష్ట్రం వాటా రాలేదని ఢిల్లీ వాళ్ళు యంత్రం బిగించే డబ్బు ఆపుతారు. ఢిల్లీ డబ్బు రాలేదని మావాళ్ళు గది ఆపుతారు. ఎవరిదీ తప్పు కాదు. రెండు పక్కలా కాయితాలు సరిగ్గానే ఉంటాయి."

నాన్న వెటకారంగా అనలేదు. రేషను దుకాణం దగ్గర అమ్మ పొద్దున్నుంచి వరసలో నిలబడి తెచ్చిన గోధుమల రొట్టె తుంచుతూ, ఉన్న సంగతి చెప్పాడు. మా వీధిలో అన్నం వండుకునే పూట అప్పుడు ఒక్కటే. ఆ రొట్టె ముందు కూర్చుని మైక్రోస్కోపు గురించి మాట్లాడటానికి నాకే మొహమాటంగా అనిపించింది.

ఆ ఏడు మాత్రం వానలు పడ్డాయి. ఊరంతా సంతోషించింది, మేము తప్ప. వరండాలోకి జల్లు కొట్టేది. మేడమ్ తన ఇంటి నుంచి టార్పాలిను తెచ్చి పెట్టెకు కప్పించారు. నాతోపాటు ఇంకో పరిశోధన విద్యార్థి ఉండేవాడు. భువనగిరి దగ్గర రైతుల ఇంటి అబ్బాయి. వారాసిగూడలో గది తీసుకుని, సైకిల్ మీద వచ్చేవాడు. వాన మొదలైతే చాలు, మేమిద్దరం టార్పాలిను కొసలు పట్టుకుని నిలబడేవాళ్ళం.

ఒకరోజు అలా తడుస్తుంటే మేడమ్ బయటికొచ్చి చూశారు. టార్పాలిను మడతలో నిలిచిన నీళ్ళు దులిపారు. తర్వాత, "ఇట్ల కాదు. రేపు సెక్రటేరియట్‌కు పోదాం. ఇద్దరూ రాండ్రి," అన్నారు.

ఆర్థిక శాఖలో మా ఫైలు చూసే ఆఫీసరు గారి గది ముందు చాలాసేపు కూర్చున్నాం. లోపలికి పిలిచాక ఆయన మర్యాదగానే కుర్చీలు చూపించారు. నలభై దాటిన మనిషి, కళ్ళకింద నలుపు, బల్ల మీద ఫైళ్ళ గుట్ట. మేడమ్ చెప్పిందంతా విన్నారు.

"మేడమ్, నేను చదువుకు అడ్డం కాదు," అన్నారు. "నేను కూడా మీ క్యాంపస్‌లనే చదివిన. కానీ చూడుండ్రి, ఇది తాగునీటి బావుల ఫైలు. ఇది పశువుల గడ్డి ఫైలు. ఇది మీది. ఆకు లోపల ఏమున్నదో చూస్తే ఎవరి కడుపు నిండుతది? అసెంబ్లీల నన్నెవరన్న అడిగితే ఏం చెప్పాలె?"

మేడమ్ దగ్గర పెద్ద జవాబు ఉంటుందని నేను ఎదురుచూశాను. "నిండుతదని నేను అబద్ధం చెప్పలేను సార్," అన్నారు. "ఏం కనబడ్తదో నాకే తెల్వదు. మీరు ఒక్కసారి క్యాంపస్‌కు వచ్చి చూడుండ్రి. చూసినంక కూడా వద్దంటే, నేను మళ్ళ అడగను."

ఆయన నవ్వి, చూద్దామన్నారు. పెద్దవాళ్ళు చూద్దామంటే రానట్టే అని నేను అనుకున్నాను.

కానీ వచ్చారు. ఒక ఆదివారం పొద్దున, డ్రైవరు లేకుండా, పాత స్కూటరు మీద. ఆర్ట్స్ కాలేజీ ముందు స్కూటరు ఆపి ఆ గులాబి రంగు రాతి గోడల వంక చాలాసేపు చూస్తూ నిలబడ్డారని తోటమాలి తర్వాత చెప్పాడు. మా ల్యాబు దాకా వచ్చాక, పెట్టె చుట్టూ ఒకసారి తిరిగి, లోపలికి నడిచారు.

మా భువనగిరి అబ్బాయి ముందురోజే ఊరికి వెళ్ళి వచ్చాడు. వాళ్ళ పొలంలో వరికి తెగులు తగిలింది. ఆ మచ్చల ఆకుల్ని తడిగుడ్డలో చుట్టి తెచ్చాడు. మేడమ్ ఒక మచ్చను గీకి, గాజు పలక మీద నీటిచుక్కలో వేసి, పాత మైక్రోస్కోపు కింద పెట్టి, ఆఫీసరు గారిని కూర్చోమన్నారు.

ఆయన కళ్ళజోడు తీసి వంగారు. చాలాసేపు అలాగే ఉన్నారు. మేము ముగ్గురం ఆయన వీపు చూస్తూ నిలబడ్డాం.

"ఇవేంది, బేరిపండ్ల లెక్క ఉన్నయ్?" అని అడిగారు, తల ఎత్తకుండానే.

"అగ్గితెగులు విత్తనాలు సార్," అన్నాడు మావాడు. "గాలిల ఎగురుకుంట పోయి పక్క మడిల పడ్తయ్."

"అగ్గితెగులా?" ఆయన తల ఎత్తారు. "నీది ఏ ఊరు పిల్లగా?"

మావాడు ఊరి పేరు చెప్పాడు. ఆయన ఊరు ఆ పక్క తాలూకాలోనేనట. "నా చిన్నప్పుడు మా నాయిన రెండెకరాల మడి ఒక్క పక్షంల కాలిపోయినట్టు అయింది. దిష్టి తగిలిందన్నరు. మా అమ్మ మడి చుట్టూ ఉప్పు చల్లింది." ఆయన మళ్ళీ వంగి చూశారు. ఈసారి ఇంకా ఎక్కువసేపు. "గిదా! గింత దానికా మేం అట్ల ఏడ్చింది!"

ఆ గొంతు నేను మరచిపోలేదు. కోపం కాదు, బాధా కాదు. గుడి గర్భాలయంలో దీపం ఎత్తి పట్టుకున్నప్పుడు లోపలున్నది మొదటిసారి కనిపిస్తే మనిషి నోట వచ్చే గొంతు అది.

"దీని లోపల ఇంకేమున్నది మేడమ్?"

"అదే నాకు తెల్వదు సార్. వరండాల పెట్టె ఉన్నది కదా, అది చెప్తది."

ఆయన ఆదివారం గడిచిపోయేదాకా మాతోనే ఉన్నారు. ఏసీ గదికి డబ్బు తన చేతిలో లేదని, ఉన్నా ఈ ఏడు ఇవ్వలేనని ముందే చెప్పేశారు. తర్వాత విభాగమంతా తిరిగి చూశారు. మెట్ల కింద, భవనం అడుగున, విరిగిన బల్లలు పడేసిన ఒక రాతి గది ఉండేది. దాని గోడలు చేయి చాపినంత మందం. బయట ఎండ కాస్తున్నా లోపల కుండలో చెయ్యి పెట్టినట్టు చల్లగా ఉంది.

"ఇది ఎవరి గది?" అని అడిగారు.

"యూనివర్సిటీదే సార్."

"యూనివర్సిటీకి కట్టించి ఇచ్చింది సర్కారే కదా. అయితే సర్కారు గది ఇచ్చినట్టే. ఈ గది ఖరీదునే మా వాటా కింద రాస్త. రూల్‌ల కొత్త గదే ఉండాలె అని ఎక్కడ లేదు."

మేడమ్ ఆయన వంక చూసిన చూపులో, ఇంతకాలం రాసిన అర్జీలన్నీ ఉన్నాయి. రెండు చేతులూ జోడించారు. ఆయన తడబడి, స్కూటరు దగ్గరికి నడిచారు.

ఇంట్లో చెబితే నాన్న నమ్మలేదు. ఆ కాగితం నిజంగా ఢిల్లీ దాకా వెళ్ళి, ఒప్పుకున్నామని జవాబు వచ్చాక, "మా శాఖల్లో కూడా ఇట్లాంటోళ్ళు ఉండారు చూడమ్మా," అన్నాడు. ఆ మాటలో కొంచెం గర్వం కూడా ఉంది.

బల్లలు బయటపడేశాం. బొద్దింకల్ని వెళ్ళగొట్టాం. సున్నమైతే పొడి రాలుతుందని గోడలకు ఆయిల్ పెయింటు వేయించాం. యంత్రాన్ని బిగించడానికి బొంబాయి నుంచి ఇంజనీరు వచ్చాడు. గది చూసి పెదవి విరిచాడు గానీ, గోడ మీద చెయ్యి వేసి చూసి, "పని చేయొచ్చు," అన్నాడు. మధ్యాహ్నం కరెంటు నిలకడగా ఉండేది కాదు. లాలాపేట్ వైపు వర్క్‌షాపుల్లో యంత్రాలు మొదలుకాక ముందే మా పని అయిపోవాలి. అందుకని తెల్లవారగానే వెళ్ళేవాళ్ళం. తార్నాక చౌరస్తా దాటి నడుస్తుంటే క్యాంపస్ రోడ్ల మీద వేపపూలు రాలి ఉండేవి, పాలవాళ్ళ సైకిళ్ళు తప్ప ఏమీ ఉండేవి కావు.

ఆకును చూడాలంటే దాన్ని ఉన్నదున్నట్టు యంత్రంలో పెట్టకూడదు. గట్టి జిగురులో బిగించి, గాజుకత్తితో కోయాలి. గాజు పలకను విరిచి ఆ కత్తి చెయ్యడం నేను నేర్చుకున్నాను. తెగిన పొర నీటి మీద తేలుతుంది. మందంగా ఉంటే నీలం, ఇంకా పలచనైతే బంగారం రంగు, సరిగ్గా తెగితే వెండి రంగు. వెండి పొర తేలిన రోజు నేను ఊపిరి బిగబట్టాను, గాలికి ఎక్కడ మడతపడుతుందోనని.

దీపాలన్నీ ఆర్పేశారు. యంత్రం సన్నగా మూలిగింది. అడుగున గుండ్రటి అద్దం లోపల లేత ఆకుపచ్చని వెలుగు వచ్చింది. మొదట మేఘం లాంటిది ఏదో కదిలింది. మేడమ్ మీట తిప్పారు. అంతలో విద్యానగర్ వైపు గూడ్సు బండి వెళ్ళింది, నేల అదిరి బొమ్మంతా వణికింది. "ఆగుండ్రి, బండి పోనీ," అన్నారు మేడమ్. చివరి పెట్టె చప్పుడు దూరమయ్యేదాకా చీకట్లో ఆగాం.

బొమ్మ నిలబడింది.

అది వరి ఆకు. అన్నం పుట్టే చోటు. దాంట్లో ఒక పచ్చని రేణువు, ఆ రేణువు లోపల ఎవరో ఓపిగ్గా పేర్చి పెట్టినట్టు పలచని బిళ్ళలు, అప్పడాల దొంతరల్లాగా. ఒక దొంతర నుంచి ఇంకో దొంతరకు సన్నని దారులు. ఎక్కడా గజిబిజి లేదు. ఎండను పట్టుకుని గింజగా మార్చే పని ఆ దొంతరల్లో జరుగుతుందని పుస్తకంలో చదివాను, పరీక్షలో రాశాను, మార్కులు తెచ్చుకున్నాను. అది నిజమని ఆ క్షణం దాకా నాకు తెలియదు. మనం చూసినా చూడకపోయినా, కరువులో వానలో, ప్రతి మడిలో ప్రతి ఆకులో ఇది ఇంత శ్రద్ధగా ఉందా అనిపించింది.

"మా పొలంల ఇది ఉన్నదా మేడమ్?" అని మావాడు గుసగుసగా అడిగాడు.

"నీ పొలంలదే ఇది."

వాడు ముఖం అటు తిప్పుకున్నాడు. మేడమ్ కూడా కళ్ళు తుడుచుకోవడం ఆ పచ్చటి వెలుగులో కనిపించింది.

ఆఫీసరు గారికి కబురు పెట్టాం. అప్పటికే ఆయన్ను కోస్తా జిల్లాకు బదిలీ చేశారు. ఆ బొమ్మను ఫొటో తీసి పంపాం. అందిందో లేదో తెలియలేదు. తర్వాత ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం వచ్చి యూనివర్సిటీ నెలల తరబడి మూతపడింది. మేం రాతి గదిలో యంత్రానికి దుప్పటి కప్పి, ఎవరికి వీలైతే వాళ్ళం వెళ్ళి తుడిచి వచ్చాం. తలుపులు తెరిచాక అది మళ్ళీ నడిచింది. అగ్గితెగులు లోపలి సంగతులు మావాడు అందులోనే చూసి, దాని మీదే డాక్టరేటు తెచ్చుకుని, వరంగల్లులో మాస్టరుగా చేరాడు. కొన్నేళ్ళకు విదేశం నుంచి రావలసిన ఒక భాగానికి అనుమతి దొరక్క యంత్రం ఆగిపోయింది.

చాలా కాలం తర్వాత, నేనూ ప్రొఫెసరునయ్యాక, ఒక సదస్సుకు బాగా డబ్బున్న దేశం వెళ్ళాను. అక్కడి వృక్షశాస్త్రం ఆచార్యురాలు తన ల్యాబు చూపించింది. ఎన్ని యంత్రాలో, అన్నిటికీ చల్లటి గదులు. మనుషులు మాత్రం లేరు. ప్రభుత్వం విధానం మార్చిందట, లాభం చూపించని విభాగాలకు జీతాల డబ్బు ఆపేశారట. ఆ ఏడాదితో వాళ్ళ విభాగం మూత. మాకు యంత్రం ఉంటే గది లేకపోయె, వీళ్ళకు అన్నీ ఉండి చూసేవాళ్ళు లేకపోయిరి అనుకున్నాను.

ఆమె, "ఇంతదూరం వచ్చారు, ఒకటి చూపించనా?" అంది. చెరువులో తీసిన నాచు ముక్కను సిద్ధం చేసి పెట్టుకుందట. దీపాలార్పింది. నాచు లోపల, ఆ దొంతరలు మరో తీరులో, పొడుగ్గా, సుడి తిరిగి కనిపించాయి. నేను అంతకు ముందెప్పుడూ అలా చూడలేదు. ఇద్దరం చెరో స్టూలు లాక్కుని కూర్చున్నాం. ఆమె మీట తిప్పుతుంటే నేను ఇంకా లోపలికి పోనివ్వమన్నాను.