ఇరవై అయిదు డిగ్రీల గడి

నిన్న చిక్కడపల్లిలో మా ఇంటి ఏసీ బాగుచేసినతను, "ఇరవై అయిదుల పెట్టిన అక్కా" అన్నాడు. ఆ అంకె వింటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి.

2012 ఎండాకాలం. అశోక్‌నగర్‌లో ఉండే మా మేనత్త స్ఫటికాల్లోకి ఎక్స్‌రేలు పంపి, లోపల అణువులు ఎలా అమరి ఉన్నాయో కొలిచేది. కొలతలు ఎవరికి వారు బీరువాల్లో దాచుకోవడం ఆవిడకు గిట్టేది కాదు. ఎక్స్‌రే బొమ్మలు అందరికీ అందాలని, ప్రయోగ వివరాలు అందరూ ఒకే పద్ధతిలో రాయాలని ఒక పేజీ ఫారం తయారు చేసి, బషీర్‌బాగ్ నుంచి నల్లకుంట దాకా ఆటోల్లో ల్యాబులు తిరిగేది. అందరూ చాయ్ ఇచ్చేవారు, డేటా మాత్రం ఇచ్చేవారు కాదు. నారాయణగూడలో ఒక పెద్దసారు మాత్రం, "ముందు మీవి పెట్టండమ్మా, చూసి మావి ఇస్తాం" అన్నారు. అత్త తనవన్నీ ఇంటర్నెట్‌లో పెట్టేసింది.

వాటన్నిటికీ ఫారాలు నింపింది నేను. ఎమ్మెస్సీ అయిపోయి ఊరికే తిరుగుతున్నానని అత్త నాకు అప్పజెప్పింది. ల్యాబులో ఏసీ ఎప్పుడూ ఇరవై అయిదే కదా అని, ఉష్ణోగ్రత గడిలో వరసబెట్టి అదే కొట్టుకుంటూ పోయాను. ప్రతిదానికీ నోటుబుక్కు ఎవరు తిరగేస్తారు? చూడ్డానికి ముచ్చటగా కూడా ఉంది.

నెల తిరక్కుండానే పెద్దసారు దగ్గర చదివే అమ్మాయి ఫోన్ చేసింది. "మేడమ్, అదే స్ఫటికం, అదే ఇరవై అయిదు. మీ కొలతలు మావాటితోని కలుస్తలేవు." అత్త నోటుబుక్కు తీసింది. ఆ స్ఫటికాన్ని కొలిచిన రోజు కరెంటు కోత. జనరేటర్ మీద మిషన్ నడిచింది గానీ ఏసీ నడవలేదు. గదిలో ముప్పై నాలుగని అత్త శుభ్రంగా రాసుకుంది. వేడికి స్ఫటికం పిసరంత ఉబ్బింది. ఫారం నింపమని ఊరంతా తిరిగిన మనిషి ఫారమే తప్పు. ఇక ఆమె మాట ఎవరు వింటారు? నాకు ఏడుపు ఆగలేదు.

"ఏడ్వకు బిడ్డా. బొమ్మలు దాచుకుంటే ఈ తప్పు ఎవరికి దొరుకుతుండె?" అంది అత్త. సవరణ రాసి, కింద 'సరిచూడలేదు, తప్పు నాది' అని సంతకం పెట్టి, నన్ను వెంటబెట్టుకుని సారు దగ్గరికి తనే తీసుకెళ్లింది. తప్పు నాదని చెప్పబోతే నా చెయ్యి గట్టిగా నొక్కింది. సారు రెండుసార్లు చదివి, లోపలికి వెళ్లి, తన కొలతలున్న డిస్కుల డబ్బా తెచ్చి అత్త చేతిలో పెట్టారు.

అత్త పోయి నాలుగేళ్లయింది. నిన్న ఏసీ అతను వెళ్లాక ఇంటర్నెట్‌లో ఆ ఫారం తెరిచాను. ఎవరైనా తెరవచ్చు, అత్త కోరుకున్నదీ అదే. ఆమె సంతకం కింద 'ఫారం తప్పుగా నింపింది మేనకోడలు' అని చేర్చమని ఆ సైటు చూసుకునేవాళ్లకు ఉత్తరం రాసి పంపాను. ఒక్క గడి సరిగ్గా నింపడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.