కొబ్బరినీళ్ళు తాగిన ఆంప్లిఫయర్

మొన్న దసరాకు నాలుగు రోజుల ముందు మా మేనల్లుడు కిష్టారెడ్డిపేటలోని మా ఫ్లాటుకు వచ్చి, చొక్కా జేబులో పట్టేంత నల్లడబ్బా ఒకటి టీపాయ్ మీద పెట్టాడు. "మామా, ఇది ఆంప్లిఫయరే. నీ గిటార్ తే" అన్నాడు. తెచ్చాను. వాడు ఫోనులో వేలితో ఏదో జరిపి, "ఇగ వాయించు, పాత వాల్వు సౌండ్ పెట్టిన" అన్నాడు. నా చెయ్యి తీగల దాకా వెళ్ళి ఆగిపోయింది. "ఏంది మామా, ఆగినవ్?" అంటే, "వేడెక్కనీరా" అన్నాను. వాడు పడీ పడీ నవ్వాడు. పాత వాల్వు పెట్టెలు లోపలి గాజు బల్బులు కాగితే గానీ పలకవు, ఆ డబ్బాకు మాత్రం వేడెక్కడంతో పనే లేదట. తీగ మీటాను. అబద్ధం ఎందుకు చెప్పాలి, ఒళ్ళు జల్లుమంది. వెచ్చటి, నిండు గొంతు. అది నాకు ఎక్కడో తెలిసిన గొంతు. నవ్వుతున్న మేనల్లుడి మొహం వాళ్ళ నాన్న మొహంలా, అంటే మా బావ మొహంలా కనిపించింది. ఇక నన్ను ఆపేవాళ్ళు లేకపోయారు. వాడికి పనుందన్నా వినకుండా కూర్చోబెట్టి ఈ కథంతా చెప్పాను. ఇప్పుడు మీకు చెబుతున్నాను, మీకూ పనులుంటే కాస్త పక్కన పెట్టండి.

తొంభైల మొదట్లో నేను పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీలో లేత్ మిషన్ మీద పనిచేసేవాణ్ణి. మా అక్కావాళ్ళింట్లోనే నా మకాం. మాది గుమ్మడిదల వైపు సేద్యం చేసుకునే కుటుంబం. గిటార్ అనే వస్తువును మా వంశంలో ముట్టుకున్నవాణ్ణి నేనే మొదటివాణ్ణి, బహుశా ఆఖరివాణ్ణి కూడా. మా నాయన దాన్ని చూసి, "దీంతోని ఏం దున్నుతవ్ రా" అని అడిగాడు. బావ మాత్రం నా పక్షం. బావకు హైవే మీద చిన్న రిపేరు షాపుండేది. రేడియోలు, టేపురికార్డర్లు, పెళ్ళి మైకుసెట్లు, ఏది తెచ్చినా ముందు చెవి దగ్గర పెట్టుకుని డాక్టరులా వినేవాడు. ఫ్యాక్టరీ ఆర్కెస్ట్రాలో నాకు చోటు దొరికిన వారమే, "బామ్మర్దీ, గిటార్ ఉంటె సాలదు, దానికి గొంతు కావాలె, పా" అని నన్ను సికింద్రాబాద్ పాత సామాన్ల బజారుకు తీసుకుపోయాడు.

ఆంప్లిఫయర్ ఎంచుకోవడం పెళ్ళిచూపులకన్నా కష్టమని నాకు ఆ రోజే తెలిసింది. కొట్టువాడు తళతళలాడే కొత్త ట్రాన్సిస్టర్ పెట్టెలు చూపిస్తుంటే బావ వాటి వంక చూడనైనా చూడలేదు. మూలన పేరు పలక కూడా ఊడిపోయిన ఒక వాల్వు పెట్టె ఉంది. ముందు దాన్ని ఎత్తి చూశాడు. బరువుంటే లోపల ట్రాన్స్‌ఫార్మర్ దిట్టంగా ఉన్నట్టు. తర్వాత వెనక వైపు ముక్కు పెట్టి వాసన చూశాడు, ఎక్కడైనా కాలిందేమోనని. స్విచ్చి వేయించి, గిటార్ పెట్టకుండానే ఊరికే విన్నాడు. చివరికి వేలి కణుపుతో పెట్టెను టకటక కొట్టాడు. "కొడితె గంట లెక్క మోగితె వాల్వు లూజున్నట్టు. ఇది మోగుతలేదు, మంచిది" అన్నాడు. నేను తీగ మీటాను. ఆ శబ్దం నా పొట్టలో తగిలింది. నా మొహం చూసి కొట్టువాడు ధర పెంచబోతున్నాడని గ్రహించి బావ నా కాలు తొక్కాడు. తిరుగు బస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. దిగేసరికి కాళ్ళు రెండూ తిమ్మిరెక్కాయి, కానీ నేను నేల మీద నడిచినట్టు గుర్తులేదు.

అక్కడి నుంచి మా ఇంట్లో రోజూ టోన్ పరిశోధన. సిమెంటు నేల మీద పెడితే ఆ పెట్టె గొంతు గుయ్యిమనేది. గోడ మూలకు జరిపితే బుస్సుమనేది. చెక్క స్టూలు మీద గోనెసంచి పరిచి, కాస్త వెనక్కి వాలేట్టు పెడితే మాత్రం అమృతం. "అన్ని మరలు ఫుల్లు తిప్పుడు కాదు. మిషన్ మీద సగమే పెట్టు, మిగతాది నీ వేళ్ళల్ల పెట్టు" అనేవాడు బావ. నేను వేళ్ళలో పెట్టేవాణ్ణి, అక్క చెవుల్లో దూది పెట్టుకునేది. ఆ స్టూలు అక్క వంటింటిది. దానికోసం ఆమె ఎన్నిసార్లు గుమ్మంలో నిలబడి, "నా పీట నాకియ్యండ్రి, పప్పు డబ్బ అందుతలేదు" అన్నదో లెక్కలేదు.

సంవత్సరం తిరిగేసరికి నా అమృతానికి జలుబు చేసింది. బాగా మోగుతూ మోగుతూ ఉన్నట్టుండి గొంతు బొంగురుపోయేది, కరకరమనేది, ఒక్కోసారి సగానికి సగం తగ్గిపోయేది. మాకు ఆర్కెస్ట్రా నడిపేది ఫోర్‌మన్ గారు. గోదావరి జిల్లా నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మనిషి, అకార్డియన్ వాయించేవారు. పాట మధ్యలో నా పెట్టె గరగరమంటే ఆయన కళ్ళు మూసుకుని పళ్ళు బిగపట్టేవారు. ఆ ఏడు దసరా ముందు రిహార్సల్‌లో ఆయన నన్ను పక్కకు పిలిచారు. "చూడు బాబూ, నీ వేళ్ళకు నేను వంక పెట్టను. కానీ నవమి నాడు ఫ్యామిలీలన్నీ వస్తాయి. ఆ వేళ కూడా నీ పెట్టె ఇలాగే దగ్గిందంటే, నీ భాగం ఇక కీబోర్డు కుర్రాడికి ఇచ్చేస్తాను, ఏవనుకోకు" అన్నారు. ఆ కీబోర్డు కొత్తగా వచ్చింది, అందులో గిటార్ శబ్దమిచ్చే మీట కూడా ఉంది. రోజంతా ఇనుము చెక్కేవాడికి సాయంత్రం ఆ గిటారొక్కటే ఊపిరి. అది పోతే నేను ఉత్త లేత్ మిషన్‌ని.

బావ పంతం పట్టాడు. వాల్వులు మార్చాడు, స్పీకరు మార్చాడు, లోపల అనుమానం కలిగించిన ప్రతి కెపాసిటర్నూ పీకి కొత్తది అతికించాడు. రెండు రోజులు బాగుండేది, మూడో రోజు మళ్ళీ దగ్గు. ఎదురుగా ఫ్యాక్టరీలో మోటార్లు వేయగానే మా లైట్లు డిమ్మయ్యేవి కాబట్టి కరెంటుదే తప్పని స్టెబిలైజరు కూడా పెట్టాడు. ఇంట్లో మాత్రం కొత్త చట్టం వచ్చింది. ఆంప్లిఫయర్ ఉన్న గదిలోకి ఎవరూ చాయ్ కప్పు తేకూడదు, నీళ్ళ చెంబు తేకూడదు, తడిచేతులతో రాకూడదు. అక్క తలస్నానం చేసి అటు వెళ్తున్నా, "జెర దూరం, చుక్క పడితె ఖతం" అనేవాడు.

అటువంటి మా బావ నవమి నాడు పొద్దున ఏం చేశాడో చెబితే మీరు నమ్మరు. ఆయుధపూజ కదా, అక్క షాపులోని పనిముట్లన్నీ ఇంటికి తెప్పించి, కడిగి, దేవుడి గూటి ముందు వరుసగా పేర్చింది. టంకం పెట్టే కడ్డీ, మీటరు, స్క్రూడ్రైవర్లు, పట్టకార్లు, అన్నిటికీ పసుపు, కుంకుమ, బంతిపూలు. వాటి మధ్యలో పెళ్ళికొడుకులా నా ఆంప్లిఫయర్. హారతి అయింది. బావ తెల్లపంచె కట్టుకుని, ఎప్పుడూ లేనంత భక్తితో కళ్ళు మూసుకుని, కొబ్బరికాయ పైకెత్తి, కొట్టడానికి గట్టి అంచు కోసం ఎడంచేత్తో తడిమి, దొరికిన అంచు మీద ఠప్పున కొట్టాడు. అది ఆంప్లిఫయర్ అంచు. కాయ చక్కగా రెండు చెక్కలైంది. నీళ్ళు మొత్తం పైనున్న గాలి కంతల్లోంచి లోపలికి దిగిపోయాయి. అక్క ఆ చెక్కల్ని పళ్ళెంలో పెడుతూ నింపాదిగా, "చాయ్ కప్పయితె వద్దంటివి గద" అన్నది.

తుడిచి, స్విచ్చి వేసి చూశాం. లోపల పటపటమని మిర్చి పేలినట్టు పేలింది, బావ ప్లగ్గు పీకేశాడు. సాయంత్రం ఆరింటికి ప్రోగ్రాం. నాకు ఏడుపొక్కటే తక్కువ. "స్క్రూడ్రైవర్ ఇటియ్యి" అని బావ దేవుడి గూటి వైపు చెయ్యి చాపాడు. అక్క అడ్డంగా నిలబడింది.

"పూజల పెట్టినయి రేపు పొద్దుగాల దాక ముట్టొద్దు. అమ్మకిచ్చి మల్ల గుంజుకుంటరా?"

"మరి గా పెట్టె గూడ పూజలనే ఉండె గదనే. సాయంత్రం నీ తమ్ముడు దాన్ని ఎట్ల వాయిస్తడు?"

"వాయించుడు అమ్మకు సేవ. రిపేరు జేసుడు పని. రెండొకటేనా?"

ఏ కోర్టుకు వెళ్ళినా ఆ తీర్పుకు అప్పీలు లేదు. నేను అక్క గడ్డం పట్టుకుని బతిమాలాను. నా చోటు పోతుందని చెప్పాను. అక్క కళ్ళు తడయ్యాయి కానీ జరగలేదు. కాస్త ఆలోచించి తన పర్సులోంచి ఒక రూపాయి బిళ్ళ తీసి ఇచ్చింది. అది పూజలో లేదు, ఆయుధమూ కాదు. దానితో వెనక చెక్క మరలు తిప్పాం. లోపల కెపాసిటర్లలో ప్లగ్గు పీకినా కరెంటు దాగి ఉంటుంది. దాన్ని దింపే తీగ కూడా దేవుడి ముందే పసుపు రాసుకుని కూర్చుంది. కాబట్టి అది దానంతటదే చల్లారేదాకా పెట్టెను మిద్దె మీద ఎండలో పెట్టి, పక్కన కాకుల్ని తోలుతూ నేను కూర్చున్నాను. పులిహోర పైకే వచ్చింది. నాకు ముద్ద దిగలేదు, బావ నా వంతు కూడా తిన్నాడు.

మధ్యాహ్నం దాటాక బావ, షాకు కొట్టినా గుండె మీదుగా పోకుండా ఒక చెయ్యి వీపు వెనక పెట్టుకుని, ఇంకో చేత్తో వాల్వులు ఒక్కొక్కటే ఊడదీశాడు. కొబ్బరినీళ్ళు వాటి గూళ్ళలోకి జిగురుగా దిగి ఉన్నాయి. అక్క బావ భుజం మీదుగా తొంగిచూసి, "ఏందిది, గింత చిలుము" అన్నది. అప్పుడు చూశాం. వాల్వుల కాళ్ళు దిగే ఆ గూళ్ళ నిండా పచ్చటి చిలుము, దాని మీద మసి. మా దగ్గర గాలి సంగతి అందరికీ తెలిసిందే. ఫ్యాక్టరీల పొగ ఇటు తిరిగిన రోజు వెండి పట్టీలు నల్లబడతాయి, అక్క పూజ చెంబులు తోమిన మర్నాడే మొహం మాడ్చుకుంటాయి. అదే గాలి ఈ పెట్టెలోనూ తిరుగుతోంది. బావ కొత్త వాల్వులు తెచ్చి తెచ్చి ఆ చిలుము గూళ్ళలోనే గుచ్చుతున్నాడు. గుచ్చినప్పుడు కాస్త రాసుకుని రెండు రోజులు మోగుతోంది, తర్వాత మళ్ళీ దగ్గు. బావ నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "చెవితోని ఇన్న గాని కంటితోని సూడకపోతిని" అన్నాడు.

కానీ కడగడం పని కాదా? నేనూ బావా భయం భయంగా అక్క వైపు చూశాం. అక్క చీర చెంగు బొడ్లో దోపి, "పూజ సామాన్ కడుగుడు పూజల కిందికే వస్తది" అని తేల్చేసి చింతపండు తేవడానికి లేచింది. చింతపండు వద్దని బావ కాళ్ళావేళ్ళా పడి, షాపులోని స్పిరిటు సీసా తెచ్చాడు. పాత పళ్ళబ్రష్‌తో అక్క గూళ్ళు తోముతుంటే, మేనల్లుడి పెన్సిలు రబ్బరుతో నేను వాల్వుల కాళ్ళు రుద్దాను. అక్క ఒక్కో గూడు తన చెంబుల్ని మెరిపించినట్టే మెరిపించింది. మళ్ళీ ఎండ, మళ్ళీ కాకులు. ఆరింటికి ఇంకా కాస్త టైముండగా స్విచ్చి వేశాం. వాల్వులు మెల్లగా ఎర్రబడ్డాయి. పటపట లేదు, కరకర లేదు. తీగ మీటాను. బజారులో విన్న గొంతు, అంతకన్నా శుభ్రంగా. నేను అక్కను గట్టిగా పట్టుకున్నాను. "స్పిరిటు కంపు, దూరం జరుగు" అన్నది గానీ తను కూడా నవ్వుతూనే ఉంది.

ఆ సాయంత్రం ఫ్యాక్టరీ మైదానంలో స్టేజి మీద అక్క వంటింటి స్టూలు, దాని మీద గోనెసంచి, దాని మీద కుంకుమబొట్టుతో నా పెట్టె. నా వంతు వచ్చింది. మొదటి స్వరం మైదానం చివర గేటు దాకా వెళ్ళింది. పిల్లల్ని ఆడిస్తున్న తల్లులు ఇటు తిరిగారు. నాకు రెక్కలొచ్చాయి. రిహార్సల్‌లో లేని నాలుగు మలుపులు కూడా తిప్పాను. ఫోర్‌మన్ గారు పళ్ళు బిగపట్టలేదు. కళ్ళు మాత్రం మూసుకున్నారు. పాటయ్యాక అకార్డియన్ దింపి, పెట్టె దగ్గరకొచ్చి వంగి చూసి, "దీనికేం మందు వేశారయ్యా?" అని అడిగారు. "కొబ్బరినీళ్ళు సార్" అన్నాను. వేళాకోళమనుకుని వెళ్ళిపోయారు. నా చోటు మాత్రం నాకే ఉంది, ఆర్కెస్ట్రా ఉన్నన్నాళ్ళూ ఉంది. తర్వాత ఆయన రిటైరై గోదావరి వైపు వెళ్ళిపోయారు, కీబోర్డూ మూలబడింది, ఆ మైదానంలో గోడౌను కట్టారు. ఆ రోజు పెట్టెను బాగుచేసింది అమ్మవారని అక్క, తన కొబ్బరికాయేనని బావ ఇప్పటికీ వాదించుకుంటారు.

మొన్న నవమికి ఇద్దరూ మా ఫ్లాటుకే వచ్చారు. ఇన్నేళ్ళూ నేను దాచుకున్న పాత పెట్టెకు అక్క బొట్టు పెట్టి, పక్కనున్న మేనల్లుడి నల్లడబ్బాకూ ఒక చిన్న చుక్క పెట్టింది. జుట్టంతా నెరిసిన బావ కొబ్బరికాయ పట్టుకుని, ఎవరూ చెప్పకుండానే తలుపు తీసుకుని, లిఫ్టు దాటి మెట్ల దాకా పోయి కొట్టుకొచ్చాడు. నేను పాత పెట్టె స్విచ్చి వేశాను. వాల్వులు ఎర్రబడేదాకా ముగ్గురం దాని ముందు నిలబడ్డాం, మేనల్లుడు కూడా ఈసారి నవ్వకుండా నిలబడ్డాడు. ఆ నల్లడబ్బాకు ఏ కాలపు గొంతైనా వేలు జరపగానే వచ్చేస్తుంది. మా ముగ్గురికి మాత్రం ఆ కాలం రావాలంటే, వెనకటిలాగే కాసేపు ఆగాలి, వేడెక్కాలి.